పులస్త్యుడి పక్కన 7.42

కోల్‌కతా సాల్ట్ లేక్‌లో ఫుట్‌బాల్ స్టేడియం ఉన్న సెక్టార్ 3లోనే ఎస్.ఎన్. బోస్ జాతీయ మౌలిక శాస్త్రాల కేంద్రం ఉంది. 1986లో పెట్టారు. ఆ బోస్, అంటే సత్యేంద్రనాథ్ బోస్, 1924లో ఢాకాలో ఉండగా ఫోటాన్లను కొత్తగా లెక్కపెట్టి ప్లాంక్ సూత్రాన్ని రాబట్టాడు. విశ్వమంతా పరుచుకున్న 2.73 కెల్విన్ల వెచ్చదనం నడిచేది ఆ సూత్రం ప్రకారమే. తొలి గెలాక్సీలను రేడియోలో చూసేవారికి ఈ వెచ్చదనంతోనే పేచీ.

రాత్రి సప్తర్షి మండలంలో పులస్త్యుడనే నక్షత్రాన్ని వెతికి, చేయి చాచి చిటికెన వేలు పక్కన పెట్టండి. దాదాపు ఆ వేలి వెడల్పు దూరంలోనే, కంటికి ఆనకుండా, జే1148+5251 అనే క్వేజార్, అంటే భారీ కృష్ణబిలం చుట్టూ ధగధగలాడే గెలాక్సీ నడిబొడ్డు, ఉంది. దాని రెడ్ షిఫ్ట్, అంటే విశ్వం వ్యాకోచంతో కాంతి ఎంత సాగిందో చెప్పే కొలత, 6.42. ఒకటి కలిపితే 7.42. ఇక అన్నీ దీనితో గుణించడమో భాగించడమో. ఆ కాంతి బయల్దేరేసరికి విశ్వం వయసు సుమారు 87 కోట్ల ఏళ్లు.

మామూలు టెలిస్కోపుకి క్వేజార్ ధగధగలో దాని గెలాక్సీ కనబడదు, హెడ్‌లైట్ వెనక డ్రైవర్ ముఖంలాగా. చల్లని వాయువు మాత్రం రేడియోలో పలుకుతుంది. కార్బన్ మోనాక్సైడ్ 345.8 గిగాహెర్ట్జ్ దగ్గర వెలువరించే గీతను 7.42తో భాగిస్తే 46.6. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపు 2003లో సరిగ్గా అక్కడే దాన్ని పట్టింది. కార్బన్ తయారయ్యేది నక్షత్రాల్లోనే కాబట్టి, అప్పటికే ఒక తరం నక్షత్రాలు పుట్టి పోయాయన్నమాట.

ఇందాకటి పేచీ ఏమిటంటే, ఆ 2.73 కెల్విన్లని కూడా 7.42తో గుణించాలి. అప్పటి ఆకాశం వేడి 20 కెల్విన్లు. వాయువు అంతకంటే వెచ్చగా ఉంటేనే ఆ వెలుగు మీద తేలి కనిపిస్తుంది.

కనిపించినంతలో అణువాయువు సుమారు 2,000 కోట్ల సూర్యుల బరువు. నడిమి 8,000 కాంతి సంవత్సరాల వ్యాసార్ధంలో వాయువు తిరిగే వేగాన్ని బట్టి మొత్తం బరువు 5,000 కోట్ల సూర్యులు. కృష్ణబిలం ఒక్కటే 300 కోట్లు, అంటే నూటికి ఆరు. మన చుట్టుపక్కల గెలాక్సీల నడి ఉబ్బుల్లో ఈ వాటా వెయ్యింట కొన్ని పాళ్లే. ఇల్లు లేవకముందే యజమాని బలిశాడా? నాకైతే అలాగే అనిపిస్తుంది. కానీ వాయువు పళ్లెం మనవైపు ఎంత వాలి ఉందో ఊహించి వేసిన లెక్క అది. వాలు మారితే ఆ 5,000 కూడా మారుతుంది.