మంచుకొండల ఎర్రచుక్కల పురుగు - మన జొన్న నాము

ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతములపై చెట్లు పెరుగు హద్దు దాటిన పిమ్మట పొట్టి గడ్డియు, పూలమొక్కలును మాత్రమే కానవచ్చును. వేసవిలో అచ్చటి రైతులు పశువులను ఈ బీళ్లకు మేతకు తోలుదురు. సుమారు 1,800 మీటర్లకు పైబడిన ఈ గడ్డిభూములలో జులై, ఆగస్టు మాసములందు ఒక చిన్న రెక్కల పురుగు ఎండలో పూలపై వాలి తేనె త్రాగుచుండును. దీని శాస్త్రీయ నామము జైగీనా ఎగ్జులాన్స్. బ్రిటనులో ఇది స్కాట్లండునందలి బ్రేమార్ పరిసరపు కొండలపై మాత్రమే కలదు.

వరిలో కాండము తొలుచు పురుగు యొక్క తల్లి రాత్రివేళ దీపమునకు చేరుట మన రైతులెరిగినదే. ఈ పురుగు కూడ ఆ వర్గములోనిదే అయినను పగటిపూటనే ఎగురును. నల్లని ముందురెక్కలపై ఎర్రని మచ్చలుండును. వేసవి స్వల్పకాలమగుటచే గొంగళిపురుగు ఒక్క ఏటిలో ఎదగజాలదు. మంచు క్రింద చలికాలము గడిపి, రెండు లేక అంతకు మించిన సంవత్సరములకు గూడు కట్టును.

పగలు పక్షుల కంటబడినను దీనికి రక్షణ యేమి? దీని శరీరములో లినమారిన్, లోటాస్ట్రాలిన్ అను పదార్థములు కలవు. పురుగు నలిగినపుడు వీనినుండి హైడ్రోసయనిక్ ఆమ్లమను విషము వెలువడును. ఎర్రమచ్చలు పక్షులకు హెచ్చరిక. ఇదే ప్రజాతికి చెందిన జైగీనా ఫిలిపెండ్యులే అను పురుగు ఈ పదార్థములను మేతనుండి గ్రహించుటయే గాక, స్వయముగా కూడ తయారుచేసికొనునని, మొక్కయు పురుగును వేర్వేరుగా ఒకే మార్గమునకు చేరినవని 2011లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పినది.

రైతు సోదరులకు ఈ విషము కొత్తది కాదు. కర్రపెండలములోనిది లినమారినే. జొన్నలో ధురిన్ అను మరియొక పదార్థము కలదు. పశువు లేత జొన్నను నమలగానే దానినుండి వెలువడునది ఆ ఆమ్లమే. దీనినే మనము నాము అందుము. పురుగునకు ఆ విషమును విరిచివేసికొను శక్తి కలదు. ఎక్కువ మోతాదు తిన్న పశువునకు ఆ శక్తి చాలదు. రక్తములో ప్రాణవాయువున్నను శరీరము దానిని వినియోగించుకొనలేదు. పశువు రొప్పుచు, చొంగ కార్చుచు, వణకి పడిపోవును. కొన్ని నిమిషములలోనే మరణింపవచ్చును.

కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెను:

1. లేత జొన్నలోను, కోసిన మోళ్లనుండి వచ్చిన పిలకలలోను పశువులను మేపరాదు.

2. వర్షాభావమున వాడిన పైరునందును, నత్రజని ఎరువు అధికముగా వేసిన పైరునందును విషము హెచ్చు. అట్టి పైరును పచ్చిగా మేపరాదు.

3. పచ్చిమేతగా పూత దశకు వచ్చిన జొన్ననే కోసి వేయవలెను.

4. ఆకలిగొన్న పశువులను జొన్న చేల గట్లపై విడువరాదు.

5. లక్షణములు కనబడిన తక్షణమే పశువైద్యుని పిలువవలెను. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సూదిమందులను సకాలమున ఇచ్చినచో పశువు బ్రతుకవచ్చును. వీనిని వైద్యుడే ఇయ్యవలెను.

కొండమీది పురుగు తన విషమును ఎర్రమచ్చలతో చాటును. లేత జొన్న పచ్చగా, రుచిగానే కనబడును. దానిని గుర్తెరిగి పశువును కాపాడవలసినది రైతే.