భాష వేరు, స్థానికత వేరు

పదో తరగతి కాగానే పిల్లల్ని ఇంటర్‌కు విజయవాడకో, హైదరాబాదుకో పంపడం మన కుటుంబాలలో పరిపాటి. ‘తెలుగువాళ్ళమే కదా, ఇంజనీరింగ్ సీటూ అక్కడే వస్తుంది’ అన్న ధీమా. విద్యారుణం కోసం మా బ్యాంకుకు వచ్చే తల్లిదండ్రులలో ఈ ధీమా తరచు చూస్తుంటాను.

ఆంధ్ర, తెలంగాణలలో కన్వీనరు కోటా ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం స్థానికులవి. ఇది 1974 నుంచి ఉన్న ఏర్పాటు. స్థానికులు కావాలంటే సాధారణంగా ఇంటర్‌తో కలిపి వరుసగా 4 ఏళ్ళు అక్కడ చదవాలి. ఇంటర్ 2 ఏళ్ళు చాలవు. తమిళనాడులో 8 నుంచి 12 దాకా అక్కడే చదివినవారికి నేటివిటీ సర్టిఫికెట్టు బెడద లేదు. మధ్యలో బయటికి వెళ్తే అది తేవాలి. కర్ణాటకలో ఒకటో తరగతి నుంచి పీయూసీ లోపు 7 ఏళ్ళ చదువు చూస్తారు. యానాం పిల్లలకు పుదుచ్చేరి సెంటాక్ ఉంది.

ఈ సీట్లు తప్పితే మిగిలేది మేనేజ్‌మెంటు కోటా. రుణం 7.5 లక్షలు దాటితే ఇల్లో, స్థలమో తాకట్టు పెట్టవలసి రావచ్చు.

కనుక ఏ కోర్సు అన్న ప్రశ్నకు ముందే, ఏడో తరగతిలోనే, ఎక్కడ చదివించాలో తేల్చుకోండి. ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్టు తీసి దాచండి. ఆ ఏటి నోటిఫికేషను స్వయంగా చదవండి. తెలుగు ఇంట్లో నేర్పుకోవచ్చు. పోయిన స్థానికత తిరిగి రాదు.