రైల్వే రిజిస్టర్లలో గుండె లెక్కలు

ఖరగ్‌పూర్‌లో నింపురా, మథురాకాటి వైపు నడిస్తే తెలుగు వినపడుతూనే ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లవాళ్లు పనికి వచ్చి, తరాల తరబడి ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్లకూ జబ్బుల కారణాలు వెతికే శాస్త్రానికీ ఏమిటి సంబంధం అనుకోవచ్చు. చాలా ఉంది. రైల్వే ఉద్యోగి వయసు, హోదా, జీతం, పనిచేసే చోటు, సిక్ లీవు, మరణం అన్నీ కాగితం మీద ఉంటాయి. జనారోగ్య పరిశోధకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ సంగతి కనిపెట్టినవాడు రైల్వే డాక్టరే. పశ్చిమ రైల్వేలో పనిచేసిన డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా 1958-62 నాటి రికార్డులు తీసి, దేశమంతటా 18 నుంచి 55 ఏళ్ల మధ్య ఉన్న పదకొండున్నర లక్షల మంది రైల్వే ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు లెక్కపెట్టారు. దక్షిణాదిలో లక్షకు 135 మంది, పంజాబు వైపు లక్షకు 20 మంది. దాదాపు ఏడు రెట్లు తేడా! నెయ్యి, పాల కొవ్వు ఎన్నో రెట్లు ఎక్కువ తినేది మాత్రం ఉత్తరాది వాళ్లే. పోయినవాళ్ల సగటు వయసు కూడా దక్షిణాదిలో 44, ఉత్తరాదిలో 52. ఈ వ్యాసం 1967లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వచ్చింది. పాల కొవ్వు రకంలోనే, తినే తీరులోనే రక్షణ ఉందని ఆయన వాదించారు. నా మటుకు ఆ వాదన కన్నా ఆ లెక్కే విలువైనది. ఒకే యజమాని, ఒకే జీతాల పట్టీ, ఒకే రకం ఉద్యోగాలు. అయినా చావులో ఇంత తేడా ఉందంటే కారణం ఇంట్లోనో, కంచంలోనో, చుట్టుపక్కలో వెతకాలి. ఆయన కడుపులో పుండ్ల మీద కూడా పనిచేశారు, అన్నం తినేవాళ్లనూ రొట్టె తినేవాళ్లనూ పోల్చి చూస్తూ.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి తిరిగొస్తే రెండు కిలోమీటర్ల పైచిలుకు నడక. నడక సంగతీ రైల్వే లెక్కల్లోనూ తేలింది మరి: 1962లో అమెరికాలో హెన్రీ టేలర్ బృందం చూస్తే, గుండెజబ్బు మరణాలు కుర్చీలో కూర్చునే గుమాస్తాల్లో అందరికన్నా ఎక్కువ, పట్టాల మీద పనిచేసే ట్రాక్ కూలీల్లో అందరికన్నా తక్కువ. అంతకు ముందే, 1953లో, లండన్‌లో జెరీ మారిస్ రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకన్నా డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువని చూపించారు.

ఇక అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం ఉత్తరాంధ్ర తీర పల్లెల్లో ఆడవాళ్లకు బాగా అలవాటు. నిప్పు వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. తీరాంధ్రలో అంగిలి క్యాన్సరుకూ ఈ అలవాటుకూ ఉన్న ముడిని 1957లోనే డి.జి. రెడ్డి, వి.కె. రావు రాశారు. తర్వాత పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా, దఫ్తరీ బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. పదిమందిలో నలుగురికి పైగా అడ్డపొగ పీల్చేవాళ్లే! ఆస్పత్రికి వచ్చిన రోగిని చూస్తే తెలిసేది కాదిది. జబ్బులేనివాళ్ల గుమ్మంలోకి కూడా వెళ్లి నోరు తెరవమని అడిగితేనే తెలుస్తుంది. ఆ పైన శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లతో పొగాకు మాన్పించే ప్రయత్నం చేశారు. మాట్లాడి, సినిమాలు చూపించి, నచ్చజెప్పారు. చాలామంది మానేశారు లేదా తగ్గించారు. 1986లో లాన్సెట్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. పల్లెటూరి అవ్వలు మాట వినరనే అపోహకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

పొగాకు పొగే కాదు, డీజిల్ పొగ కూడా క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన వాటిలో అమెరికా రైల్వే కార్మికుల మీద ఎరిక్ గార్షిక్ చేసిన పరిశోధన ఒకటి. డీజిల్ లోకో షెడ్డున్న ఊరు ఖరగ్‌పూర్.

వలస వచ్చినవాళ్లను చూడటంలో ఓ తెలివైన పద్ధతి ఉంది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీల్లో పల్లెల నుంచి వచ్చిన కార్మికులను, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులతో పోల్చారు. మొత్తం 6,510 మంది. 2010లో వచ్చిన ఫలితం: మగవాళ్లలో షుగరు పల్లెలో నూటికి ఆరుగురికి, వలస వచ్చినవాళ్లలో పద్నాలుగు మందికి. పుట్టుక ఒక్క ఇంట్లోనే, మారింది బతుకు తీరు.

ఈ పద్ధతి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానానికి పనికొస్తుందని నా గట్టి నమ్మకం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. నీళ్లు, ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నిటినీ అనుమానించారు, ఒక్కటే కారణమని తేలలేదు. శ్రీలంక వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. పలాస, సోంపేట ఉన్న హౌరా-చెన్నై లైనులోనే ఖరగ్‌పూర్ కూడా ఉంది. అన్న ఉద్దానంలో బోరు నీళ్లు తాగుతాడు, తమ్ముడు ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో కుళాయి నీళ్లు తాగుతాడు. ఇలాంటి ఇద్దరి రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడటానికి కావలసినవి ఓ సిరంజి, ఓ ప్రయోగశాల, వాళ్ల భాషలో మాట్లాడే ఓ సర్వే మనిషి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి 2020 డిసెంబరులో నిర్ణయించింది. ప్రశ్నల పత్రం తెలుగులోనే అచ్చు వేయించొచ్చు. చుట్ట ఏ కొసను నోట్లో పెట్టుకుంటారో కూడా అందులో అడగాలి.