మందతో పెరిగి మందను కాచే కుక్క

రాత్రి మొదటి జాము గడచిన తరువాత దక్కను పీఠభూమిలోని మెట్టచేలలో గొర్రెల మంద నిద్రకు ఉపక్రమిస్తుంది. చుట్టూ ముళ్ళకంప. గొంగడి కప్పుకొని కాపరి ఒక ప్రక్కన నడుము వాలుస్తాడు. కంపకు వెలుపల ముడుచుకొని పడుకున్న రెండు మూడు కుక్కలు మాత్రం సగం నిద్రలోనే ఉంటాయి. తోడేలు అడుగుల సవ్వడి మనిషి చెవికి అందదు. దాని వాసన మనిషి ముక్కుకు తగలదు. తెల్లవారి లెక్క చూసుకున్నప్పుడు గొర్రెలు సరిపోవడం ఆ కుక్కల మీదనే ఆధారపడి ఉన్నది.

ఇది అల్పవిషయం కాదు. 2019 నాటి పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షల గొర్రెలు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెలలో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. గొల్ల, కురుమ, కురుబ కుటుంబాలు ఎన్నో వాటి మీద బ్రతుకుతున్నాయి. చూలు గొర్రె ఒకటి తోడేలు పాలైతే పోయేది ఒక ప్రాణం కాదు. రానున్న ఈతలు కూడా దానితోపాటే పోతాయి.

అయితే గొర్రెను చంపేది తోడేలు ఒక్కటే కాదు. ఊరకుక్కలు గుంపుగా దొడ్డిలో జొరబడితే ఒక్క రాత్రిలో పదుల కొద్దీ గొర్రెలు చనిపోతాయి. చంపేదీ కుక్కే, కాచేదీ కుక్కే! ఈ రెంటికీ ఇంతటి వ్యత్యాసం ఎక్కడి నుండి వచ్చింది?

గొర్రెల వద్ద పనిచేసే కుక్కలు రెండు విధాలు. బ్రిటన్‌లోని బోర్డర్ కోలీ వంటివి మందను తోలేవి. చూపు నిలిపి, నక్కి, వెంబడించి గొర్రెలను ఒక దారికి తెస్తాయి. అది వేటాడే స్వభావమే. చంపే ఘట్టం మాత్రం అందులో ఉండదు. రెండవ విధం కాపలా కుక్కలు. ఇవి గొర్రెలను తరమవు, తోలవు. వాటితో నడుస్తాయి, వాటి మధ్యనే పడుకుంటాయి. ఇటలీలోని మారెమ్మా, టర్కీలోని కంగల్, మన హిమాలయాలలోని గద్దీ కుక్క ఈ కోవకు చెందినవే. గద్దీ కాపరులు తమ కుక్కల మెడకు ఇనుప ముళ్ళ పట్టీ కడతారు. చిరుతపులి మొదట పట్టేది మెడనే కదా!

ఈ విద్య చాలా పాతది. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత వార్రో వ్యవసాయంపై వ్రాసిన గ్రంథంలో, మందకు కుక్కను వేటగాని వద్ద కొనరాదని హెచ్చరించాడు. మేకులు తాపిన తోలు పట్టీని కూడా ఆయన వర్ణించాడు.

1833లో ఛార్లెస్ డార్విన్ నేటి ఉరుగ్వే దేశంలో పర్యటిస్తూ, మనుష్యులెవరూ తోడులేని గొర్రెల మందను ఒకటి రెండు కుక్కలే కాయడం చూసి ఆశ్చర్యపోయాడు. రహస్యమేమిటో విచారించాడు. కుక్కపిల్లను పసితనంలోనే తల్లి నుండి వేరుచేసి, రోజుకు మూడు నాలుగు పర్యాయాలు గొర్రె పాలు త్రాగిస్తారు. దొడ్డిలోనే ఉన్నితో పడక అమరుస్తారు. ఇతర కుక్కలతోను, ఇంటి పిల్లలతోను కలవనివ్వరు. పెరిగిన తరువాత ఆ కుక్క మాంసం ముక్క కోసం ఇంటికి వస్తే అక్కడి కుక్కలు దానిని తరుముతాయి, అదీ పారిపోతుంది. కాని మందను చేరుకున్న మరుక్షణం వెనుదిరిగి మొరుగుతుంది. అప్పుడు పరుగు లంకించుకోవడం ఇంటి కుక్కల వంతు!

డార్విన్ చూసినదానిని శాస్త్రీయంగా పరీక్షించినవారు అమెరికన్ దంపతులు రేమండ్, లోర్నా కాపింజర్. 1972లో అమెరికా ప్రభుత్వ భూములలో వన్యమృగాలకు విషం పెట్టడం నిషిద్ధమైనది. రైతులకు మరొక ఉపాయం కావలసివచ్చింది. ఆ దశాబ్దంలోనే ఈ దంపతులు మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కళాశాల కేంద్రంగా ఐరోపా, ఆసియా జాతుల కాపలా కుక్కలను రైతులకు పంచి, వాటి నడవడిని ఏళ్ళ తరబడి గమనించారు. జాతికి పాత్ర లేకపోలేదు. అయినా నిర్ణాయకమైనది పెంపకమని వారు తేల్చారు. పుట్టిన నాలుగవ వారం మొదలు సుమారు పదునాలుగవ వారం వరకు కుక్కపిల్ల ఎవరి మధ్య పెరుగుతుందో వారినే తనవారిగా ఎంచుకుంటుంది. ఆ గడువు దాటితే మళ్ళీ రాదు. మంద మీద ధ్యాస, గొర్రెలకు హాని చేయని నమ్మకం, అపాయానికి ఎదురునిలిచే తెగువ అనే మూడు గుణాలు మంచి కాపలా కుక్కకు ఉండాలని వారన్నారు.

మరొక ముఖ్యవిషయం: కాపలా కుక్క పోరాడి చంపనక్కరలేదు. మొరుగుతూ అడ్డువస్తే చాలు, తోడేలు వేట చెడుతుంది. గాయపడిన తోడేలుకు తిండి దొరకదు గనుక అది సాధారణంగా తగవుకు దిగదు. ఆఫ్రికాలోని నమీబియాలో చీతా పరిరక్షణ సంస్థ 1994 నుండి రైతులకు టర్కీ జాతి కుక్కలను ఇస్తున్నది. తమ నష్టం తగ్గిందని అత్యధికులు చెప్పారు. మేకలు మిగిలిన రైతుకు చీతాపై తుపాకి ఎత్తే అవసరం తగ్గుతుంది. ఆ విధంగా కుక్క మందతోపాటు మృగాన్ని కూడా రక్షిస్తున్నది.

మనకూ ఇది వర్తిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తోడేలును అత్యున్నత రక్షణ గల జాబితాలో చేర్చింది. దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు మూడువేలేనని అంచనా. గడ్డిభూములు సేద్యంలోకి పోయి, జింకలు తరిగిపోగా, దానికి మిగిలిన ఆహారం కాపరి మందే.

భూమి కొరత కాపరికీ ఉన్నది. చత్తీస్‌గఢ్ మైదానాలలో కచ్ నుండి వచ్చిన రబారీలు ఒంటెల మీద సామాను వేసుకొని గొర్రెలను మేపుతూ తిరుగుతారు. అదే మైదానంలో, రాయపూర్ నుండి బిలాస్‌పూర్ పోయే దారిలోని సిల్తారా నేడు ఇనుము, ఉక్కు కర్మాగారాల వాడ. మన కాపరులూ వేసవిలో చేను నుండి చేనుకు మంద కడుతూ కదులుతూనే ఉంటారు. రోజుకొక కొత్తచోట కన్ను మూయవలసినవానికి కుక్క తోడు మరింత అవసరం.

అయితే కుక్కకు మనిషి చేయవలసినదీ ఉన్నది. ఏటేటా రేబీస్ టీకా వేయించాలి. రేబీస్, డిస్టెంపర్ వ్యాధులు కుక్కల నుండి తోడేళ్ళకూ సోకగలవు. చచ్చిన గొర్రె తలకాయ, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా వేయరాదు. వేస్తే వాటిలోని తిత్తుల నుండి కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగుతాయి. ఆ గ్రుడ్లు పడిన గడ్డి మేసిన గొర్రె మెదడులో తిత్తి ఏర్పడి, అది ఒకేచోట గిర్రున తిరుగుతూ చనిపోవచ్చు. ఒక రకం బద్దెపురుగు మనిషి కాలేయానికీ ముప్పు తెస్తుంది. కుక్కకు వేళకు పురుగుల మందు పట్టించడం మందకు, కాపరి కుటుంబానికి కూడా క్షేమం.

దక్కను కాపరుల కులదైవమైన మల్లన్నకు, మహారాష్ట్రలో ఖండోబాగా కొలువందుకునే ఆ దేవునికే, ప్రక్కన కుక్క ఉంటుంది. ఆ గౌరవాన్ని నిలుపుకోవడానికి పేరుగల జాతి కుక్కే కావాలని లేదు. ఊరకుక్క పిల్లకైనా కన్ను తెరిచిన కొద్దినాళ్ళకే గొర్రెపిల్లల సరసన చోటిచ్చి, కడుపునిండా సంకటి పెట్టి, తొలి మూడు నెలలు ఓపికతో చూసుకోవాలి. గొర్రెను వెంటాడబోయిన పిల్లను మొదటినాడే వారించాలి. మందకు శత్రువు కాగల జంతువు మందకు బంధువు కావడం ఆ మూడు నెలలలోనే తేలిపోతుంది.