గోడమీది గిన్నె

శార్వరి యనగా రాత్రి. ఆ పేరుగల తెలుగు సంవత్సరము 2020 మార్చి 25వ తేదీన ఉగాదితో అడుగిడగా, దేశమంతట తలుపులు మూయించిన లాక్‌డౌన్ సైతము ఆ దినముననే ఆరంభమైనది. నాడు కృష్ణా జిల్లాలోనుండి, 2022లో ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు సీమలో, పండుగపచ్చడికి తోటగలవారు తోటలేనివారికి నాలుగు మామిడికాయలు పంపుట వాడుక. ఆ యేడు ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ ఆరడుగుల యెడము వచ్చిపడినది.

పొరుగింటి గిన్నెను వట్టిగా తిరిగి పంపరాదన్నది మన ఇండ్లలో ఏ గ్రంథమునను వ్రాయని శాసనము. కూర వచ్చిన గిన్నెలో పులుసో, ఏమియు లేనినాడు చారెడు పంచదారయో పోసి పంపుదురు. మనిషి మనిషిని తాకరాని ఆ దినములలో మా వీధి ఇల్లాండ్రు ఈ శాసనమును తప్పక, ప్రహరీగోడను మధ్యవర్తిగా నిలిపిరి. “వదినా, గిన్నె గోడమీద పెట్టాను” అని కేకవేసి ఈమె వెనుకకు జరుగును. ఆమె వచ్చి తీసికొని, సబ్బునీట తోమి, ఎండలో బోర్లించి, మరునాడు నింపి అచటనే పెట్టును. బిడ్డలు దూరదేశములందుండగా ఒంటరిగా మిగిలిన వృద్ధుల గేటుకు సంచియు, అందులో సరకుల చీటియు వ్రేలాడెడివి. అంగడి తెరచిన కొద్ది గంటలలో ఎవరో ఒకరు వానిని నింపి తెచ్చెడివారు. ప్రభుత్వము ఏబది యిండ్లకొకరు చొప్పున నియమించిన వాలంటీర్లు ఇల్లిల్లు తిరిగి జ్వరముల నారాతీసిన మాట నిజమే. కాని ఏ యింటి తాతగారికి చప్పిడికూడు కావలెనో పొరుగింటివారికే యెరుక.

తోటల సంగతి వేరు. కోత కాలమునకు కూలీలు రాలేకపోయిరి, లారీలు కదలలేదు. మార్చి 27న వ్యవసాయపు పనులకు కేంద్రము సడలింపు నిచ్చినను, చెట్టుమీది కాయ ఉత్తర్వులను చదువదు గదా! ఇరుగుపొరుగు రైతులు ఒకరి తోట కొకరు చేయిసాయమైరి. తొడిమ విరిగినచో సొన కారి బంగినపల్లి తోలు నల్లబడును. కనుక చిక్కముతో ఒడుపుగా కోసి, క్రిందనున్నవాని గోనెపట్టాలోనికి దింపవలెను. చిక్కపుగెడ పొడవే ఆరడుగులను మించుటచే, ఆ పనికి వేరొక నియమ మక్కరలేకపోయినది.

అందరును కర్ణులే యని వ్రాసిన అబద్ధమగును. ఊరిపొలిమేరలలో ముళ్లకంప లడ్డము వేసినవారును మనవారే. జబ్బు సోకిన యింటివైపు చూడక తలుపు బిగించుకొన్నవారును, నిన్నటిదాక ఆ గోడపై గిన్నె పెట్టినవారే. భయమును సాయమును ఒక కప్పుక్రిందనే కాపురముండెను.

మే మాసమున ఆవకాయకు తరుణము వచ్చినది. వీధికంతటికి నున్నది ఒక్క ఆవకాయకత్తి. అది వేడినీట మునిగి గోడవెంట గోడ దాటుచు ఊరేగినది. టెంకతోసహా తెగిన ముక్కలకు వెనుక గిన్నెలును బయలుదేరినవి. స్టీలుగిన్నెల యంచులపై పేళ్లు చెక్కించు అలవాటు మనకున్నను, ఆ వేసవి రాకపోకలలో వానిని చదివిన వారెవ్వరు? మా వంటింటి అలమరలో నేటికిని పొరుగువారి పేళ్లతో మూడు గిన్నెలున్నవి. మావి రెండు కానరావు.