చుక్క అటూ ఇటూ ఎందుకు ఊగుతుంది?

కంప్యూటర్ నేర్చుకోవడమంటే, చాలా వరకు, తన తప్పును కొంచెం కొంచెంగా తగ్గించుకోవడమే. ఆ తప్పును ఒక లోయ అనుకుంటే, వాలు ఎటుందో చూసి అటే ఒక అడుగు దిగుతుంది, ఆగి మళ్లీ చూస్తుంది. 1847లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ చెప్పిన ఉపాయమిది.

తెర మీద y = x² గీత గీసి, x = 4 దగ్గర ఒక చుక్క పెట్టండి. అక్కడ వాలు 8. దాన్ని 0.1తో గుణించి x లోంచి తీసేస్తే 3.2, తర్వాత 2.56. చుక్క మెల్లగా గీత అట్టడుగుకు జారుతుంది. 0.1 బదులు 1 పెడితే? 4 నుంచి -4కు, అక్కడి నుంచి మళ్లీ 4కు, ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది. 1.1 పెడితే గెంతు గెంతుకూ ఇంకా దూరం పోతుంది. పుస్తకంలో ఇవి వట్టి అంకెలు. బొమ్మ కదిలితేనే కారణం కళ్లకు కడుతుంది: దిశ సరైనదే, అడుగే మరీ పెద్దది!

లోయ ఇరుకుగా, పొడుగ్గా ఉంటే చుక్క వంకరటింకరగా పోతుంది. దీనికి విరుగుడు మన బళ్లారి గడ్డకు చుట్టమే. అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో, 1920లో, తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్. రావు సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని కొలిచే పద్ధతిని 1945లో చూపారు. ఆ కొలతతోనే అడుగు దిశను సరిదిద్దే విధానాన్ని జపాన్ శాస్త్రవేత్త అమారి 1998లో వివరించారు.