కౌజు పిట్ట కాల్చి, కీరా సలాడ్ కలిపి: పచ్చిగా తినేదైతే జాగ్రత్త తోటలోనే మొదలు

ఎండలు ముదిరాయి, వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడలేం. అందుకే ఈసారి వీడియోలో తోటలోనే చెట్టు కింద నిప్పుల మీద కౌజు పిట్టలు కాల్చి, పక్కన సలాడ్ కలిపి చూపించాను. అంతకంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

పోయిన ఎండాకాలం తోట చూడ్డానికి ఒక కుటుంబం వచ్చింది. "మందులు కొట్టలేదు, కడగక్కర్లేదు" అని గొప్పగా కీరా తెంపి చేతికిచ్చా. రెండు రోజుల ముందే ఆ మడికి జీవామృతం పిచికారీ చేసిన సంగతి గుర్తే లేదు. ఆ రాత్రి వాళ్ల పిల్లాడికి వాంతులు, విరేచనాలు. కీరా వల్లేనని రుజువు లేదు. కాదని చెప్పే ధైర్యం నాకూ లేదు.

జీవామృతంలో 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ వేస్తాం. నేలకు అది బలమే. కానీ పేడలో కడుపు చెడగొట్టే సూక్ష్మజీవులూ ఉండొచ్చు. డిప్లొమాలో చదివిన ముక్కే, పొలంలో మర్చిపోయా! అమెరికా ఆర్గానిక్ నిబంధనల్లో పచ్చి పేడ వేశాక, మట్టిని తాకే కాయకైతే కోతకు 120 రోజులు, తాకనిదానికి 90 రోజులు గడువుండాలి. ఇప్పుడు నా సలాడ్ మడుల్లో దుక్కిలోనే బాగా మాగిన కంపోస్టు వేస్తా. కీరా, టమాటా పందిరికి ఎక్కిస్తా. వాటి మీద జీవామృతం పిచికారీ బంద్. కోశాక మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడుగుతా.

ఇక మాంసం. "అడవి పిట్ట రుచే వేరు" అంటారు కొందరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టల వేట నేరం. పైగా గట్ల మీద తిరిగే కౌజులు, పూరేళ్లు మన పురుగుల్ని ఏరి తినే జీతం లేని కూలీలు. నేను వండింది ఫారంలో పెంచిన జపాన్ జాతి పిట్ట. ఐదారు వారాలకే 200 గ్రాముల దాకా తూగుతుంది.

నలుగురికి నాలుగు పిట్టలు. వీపు వైపు చీల్చి పరవండి. పెరుగు, అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి, పసుపు, ఉప్పు పట్టించి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. గానుగ పల్లీ నూనె రాసి, మంట తగ్గిన నిప్పుల మీద రెండు వైపులా ఆరేడు నిమిషాల చొప్పున కాల్చండి. తొడ దగ్గర గుచ్చితే ఎర్ర నీరు రాకూడదు, వస్తే ఇంకాసేపు ఉంచండి.

సలాడ్‌కి రెండు కీరాలు, రెండు టమాటాలు, ఒక ఉల్లిగడ్డ, చిన్న పచ్చి మామిడికాయ, గంట నానిన అరకప్పు పెసరపప్పు, పుదీనా, కొత్తిమీర. శ్రీరామనవమి వడపప్పు తిన్నవాళ్లకు ఇది కొత్త రుచేం కాదు. నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, చెంచా నువ్వుల నూనె కలపండి. ఉప్పు చివర్లోనే, లేదంటే కీరా నీరు కారుతుంది. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట మాత్రం దీనికి వాడకండి. జొన్నరొట్టెతో తింటే భోజనం అయిపోయినట్టే.

మందులు కొట్టని పంట అని చెప్పుకుంటాం, మంచిదే. పచ్చిగా తినేవాళ్లకు ఆ ఒక్క మాట చాలదు. మీరు సలాడ్ మడులకు జీవామృతం ఎప్పుడు ఆపుతున్నారో వీడియో కింద రాయండి అన్నా, అక్కా.